పురీ తీరంలో రెండు గదులు

ఎల్.టి.సి. మీద ఊళ్ళు చూసి రావడం మన సంస్థలో పనిచేసే కుటుంబాలకు కొత్త విషయం కాదు. పరుపుచుట్టలూ, మరచెంబులూ, పులిహోర డబ్బాలూ సర్దుకొని బయలుదేరి, ఏ ధర్మసత్రంలోనో చాప పరచుకొని పడుకొన్న రోజులు మా వయసువారికి ఇంకా జ్ఞాపకమే. ఆనాడు బస ఎక్కడ అన్న ప్రశ్నకు పెద్ద ప్రాధాన్యం ఉండేది కాదు. తలుపుకు గడియ, కుళాయిలో నీరు ఉంటే చాలుననుకొనేవారము. అయితే నడక నేర్చిన పసివానిని వెంటబెట్టుకొని సముద్రతీరానికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, ప్రయాణం కన్న బసయే పెద్ద సమస్య అని మాకు 2023 డిసెంబరులో తెలిసివచ్చింది. ఆ అనుభవం మన సహోద్యోగ మిత్రులకు కొంతైనా ఉపయోగపడగలదన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ప్రయాణమైనది మేము, మా శ్రీమతి, మా అబ్బాయి, కోడలు, ఇరవై నెలల మనుమడు. వెళ్ళవలసిన ఊరు పురీ. జగన్నాథుని దర్శించాలన్నది మా శ్రీమతి చిరకాల వాంఛ. సముద్రం చూడాలన్నది మా కోడలి కోరిక. ఆమె పుట్టి పెరిగినది నిజామాబాదు వైపు. పెళ్ళయి వచ్చిన తరువాత విశాఖ సముద్రాన్ని నాలుగైదు సార్లు చూసిందే గాని, తెల్లవారుజామున కిటికీ తెరవగానే ఎదురుగా కెరటాలు కనిపించే గదిలో ఒక్కసారైనా ఉండాలని ఆమె ముచ్చట. మనుమడు ఎల్.టి.సి. నిబంధనలలో మన కుటుంబ సభ్యుడు కాకపోయినా, ఐదేళ్ళలోపు పిల్లలకు విడిగా బెర్తు కోరనంతవరకు రైలులో టిక్కెట్టు అక్కరలేదు గనుక ఆ చిక్కు లేకపోయింది.

బస విషయంలో మాకు అంతకుముందే ఒక గుణపాఠం ఉన్నది. ఒక పెళ్ళికి వెళ్ళి, లాడ్జిలో ఐదుగురమూ ఒకే పెద్ద గదిలో దిగాము. రాత్రి ఎనిమిది గంటలకు పిల్లవానికి నిద్రవేళ. దీపం ఆర్పవలసి వచ్చింది. ఆ తరువాత నలుగురు పెద్దవాళ్ళమూ చీకటిలో మంచాల అంచున కూర్చొని, గుసగుసలాడుకొంటూ, చేతులు తడుముకొంటూ భోజనం ముగించాము. ఎవరు దగ్గినా కోడలి గుండె ఝల్లుమనేది. మరునాడు రెండు విడి గదులు తీసుకొన్నాము. అప్పుడు నడవాకు ఈ చివర మేము, ఆ చివర వాళ్ళు. పిల్లవాడు రాత్రి ఏడ్చినా మాకు వినిపించదు. సాయం చేయగలిగినవారు ఉండి కూడా ఆ పిల్ల ఒంటరిగా అవస్థపడింది.

ఈ రెండు ఇబ్బందులకూ మధ్యేమార్గమే 'సూట్' అనే ఏర్పాటు. సూట్ అని వ్రాసినా 'స్వీట్' అని పలకాలట. మా శ్రీమతి ఫోనులో ఆ మాట విని, గదితోపాటు మిఠాయి కూడా ఇస్తారా అని అడిగింది. లోపల ఒక పడకగది, బయట కూర్చొనే హాలు, నడుమ మూసుకొనే తలుపు, ఒక మూల చిన్న వంట ఏర్పాటు, వీటన్నిటికీ కలిపి ఒకే ముఖద్వారం. ఇదీ దాని స్వరూపం. అయితే ప్రకటనలలో సూట్ అన్న ప్రతిదీ సూట్ కాదు. కొన్నిచోట్ల పెద్ద గదిలో ఒక సోఫా వేసి, నడుమ తెర కట్టి అదే పేరు పెడతారు. తెర వెలుతురును కొంత ఆపగలదు గాని మాటను ఆపలేదు.

అందువలన మేము పురీలోని నాలుగు హోటళ్ళకు ఫోను చేసి అవే ఆరు ప్రశ్నలు అడిగాము. రెండు గదుల నడుమ ఉన్నది గోడయా, తెరయా? తలుపు పూర్తిగా మూసుకొంటుందా? పాలు కాచుకొనేందుకు పొయ్యి, నిలవ ఉంచేందుకు ఫ్రిజ్ ఉన్నవా? హాలులో ఇద్దరికి పడక వేయగలరా? ఎన్నవ అంతస్తు? బాల్కనీ ఉంటే దానికి కట్టినది గోడయా, కమ్మీలా? ఐదవ ప్రశ్న వరకు అందరూ ఓపికగానే సమాధానం చెప్పారు. ఆరవ ప్రశ్నకు మాత్రం ఒకరిద్దరు నవ్వారు. చివరకు చక్రతీర్థ రోడ్డు వైపు ఒక హోటలులో మూడవ అంతస్తున, సముద్రానికి అభిముఖంగా ఉన్న సూట్ కుదిరింది. స్వర్గద్వారం వద్ద రద్దీ, దుకాణాల హోరు ఎక్కువ. చక్రతీర్థం వైపు కొంత నిమ్మళం. అద్దె రెండు విడి గదులకు అయ్యే దానికన్న కాస్త తక్కువే అయింది.

ఋతువును కూడా ఆలోచించే డిసెంబరును ఎన్నుకొన్నాము. ఆషాఢంలో రథయాత్రకు పురీలో కాలు పెట్టే చోటుండదు. వేసవి చివర, వానకాలం చివర ఆ తీరానికి తుపానుల భయం. 1999 అక్టోబరు 29నాటి పెనుతుపాను పారాదీప్ సమీపంలో తీరం దాటింది. 2019 మే 3న 'ఫణి' పురీ వద్దనే తీరాన్ని తాకింది. డిసెంబరులో ఎండ మెత్తగా ఉంటుంది. పసివానికి ఒక ఉన్ని టోపీ ఉంటే చాలు.

రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి చిలికా సరస్సు వచ్చింది. రంభ, బాలుగావ్ స్టేషన్ల మధ్య రైలుమార్గం సరస్సు ఒడ్డునే సాగుతుంది. కుడివైపు కిటికీలోనుండి మసక వెలుతురులో పడవలు, పక్షుల బారులు కనిపించాయి. మన దేశంలో రామ్‌సార్ ఒప్పందం క్రింద మొదటగా గుర్తింపు పొందిన చిత్తడి నేలలలో ఇది ఒకటి. ఆ గుర్తింపు 1981లో వచ్చింది. మనుమడు ఆ నీటిని చూసి "బువ్వ" అన్నాడు. వాడికి అప్పటికి తెలిసిన మాటలు ఐదారే. ఖుర్దా రోడ్డు వద్ద ప్రధాన మార్గాన్ని విడిచి బండి 44 కిలోమీటర్ల శాఖామార్గం మీద పురీ చేరింది.

హోటలు చూడముచ్చటగా ఉన్నది. మూడవ అంతస్తున గది తలుపు తీయగానే ఎదురుగా అద్దాల తలుపు, దాని వెనుక బాల్కనీ, ఆవల బంగాళాఖాతం. మా కోడలు చంకలో పిల్లవానితో అలాగే నిలబడిపోయింది. ఆమె ముఖంలో అంతటి సంతోషం మేము చాలా రోజుల తరువాత చూశాము. ఇరవై నెలలుగా ఆ పిల్ల ఏ రాత్రీ నాలుగు గంటలు ఏకబిగిని నిద్రపోలేదు.

మేము మాత్రం అలవాటు చొప్పున బాల్కనీలోకి వెళ్ళి కమ్మీని పట్టుకొని ఊపి చూశాము. ముప్ఫై ఏళ్ళుగా ప్లాంటులో పని అనుమతి పత్రాల మీద సంతకం పెట్టే ముందు ప్రతి నిచ్చెననూ, ప్రతి రెయిలింగునూ ఊపి చూసిన చెయ్యి అది. కమ్మీ కదిలింది. వంగి చూస్తే ఇనుప నిలువుకడ్డీ స్లాబులో దిగే చోట రంగు ఉబ్బి, సిమెంటు పెచ్చులు లేచి ఉన్నది. సముద్రపు గాలిలోని ఉప్పు చేసే పని ఇది. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెండింతలకు పైగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి చుట్టూ ఉన్న కాంక్రీటు పగులుతుంది. పగులులోనుండి మళ్ళీ ఉప్పు, తేమ లోపలికి దిగుతాయి. పైన ఎన్నిసార్లు రంగు వేసినా మొదట్లో జరుగుతున్నది ఆగదు. పైగా ఆ కమ్మీలు అడ్డంగా, నిచ్చెన మెట్లవలె ఉన్నాయి. టేపు తీసి కొలిస్తే నడుమ సందు పదిహేను సెంటీమీటర్లు. పసిపిల్లలు తిరిగే చోట ఆ సందు పది సెంటీమీటర్లకు మించరాదన్నది భవన భద్రతలో సాధారణంగా పాటించే కొలత. శరీరం దూరగలిగిన సందులో తల ఇరుక్కొనే ప్రమాదం ఉన్నది.

గది మార్చవలసిందేనని చెప్పాము. మా అబ్బాయి ముఖం చిన్నబోయింది.

"నాన్నా, ఇది ప్లాంటు కాదు. బాల్కనీ తలుపుకు గడియ వేసి ఉంచుదాం. మూడు రోజులే కదా" అన్నాడు.

గడియ వేసి ఉంచుతామన్న మాట ప్రమాద విచారణలలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. నలుగురు పెద్దలున్న చోట ప్రతివారూ రెండవవారు వేశారనే అనుకొంటారు. మేనేజరు మర్యాదస్తుడు. వాదించలేదు, ఆ రెయిలింగును బాగు చేయిస్తామన్నాడు. కాని వేరే సూట్ ఒక్కటే ఖాళీగా ఉన్నది. అది నేల అంతస్తున, వెనుక తోట వైపు. అక్కడినుండి కొబ్బరిచెట్లు, బట్టలారవేసే తీగ తప్ప మరేమీ కనిపించవు.

అందరమూ మౌనంగా సామాను దించుకొన్నాము. మా కోడలు ఒక్క మాట అనలేదు. "ఫరవాలేదు మామయ్యగారూ, నడిస్తే రెండు నిమిషాలే కదా సముద్రం" అన్నది. ఆ "ఫరవాలేదు" మాకు రోజంతా ములుకువలె గుచ్చుకొంటూనే ఉన్నది.

క్రింది సూట్‌లో మాకు తోచిన తనిఖీలన్నీ చేశాము. గీజర్ మీట చాలా ఎక్కువకు తిప్పి ఉంటే తగ్గించాము. అరవై డిగ్రీల నీరు పెద్దవారి చర్మాన్నే కొద్ది సెకన్లలో కాల్చగలదు, పసివారి చర్మం మరింత పలుచన. కరెంటు ప్లగ్గులకు టేపు అంటించాము. గాజు బల్లను హాలులోనుండి తీయించాము. వంటమూలలో ఇండక్షన్ పొయ్యి, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి. మా శ్రీమతి వెంట తెచ్చిన చిన్న కుక్కరులో పెసరపప్పు, బియ్యం కలిపి మెత్తగా వండి మనుమడికి తినిపించింది. హోటలు వంటలోని మసాలాతో పని లేకుండా పిల్లవాని భోజనం మన చేతిలో ఉండడం ఎంత ధీమానో తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి ఎనిమిదింటికి మనుమడు లోపలి గదిలో నిద్రపోయాడు. తలుపు దగ్గరగా వేసి, మేము నలుగురమూ హాలులో దీపం వెలిగించుకొని భోంచేసి, పది గంటల వరకు మాట్లాడుకొన్నాము. అంత చిన్న విషయం ఎంత పెద్ద విందుగా తోచిందో! ఇంటిలో కూడా అలా కూర్చొని ఏడాది దాటింది.

మరునాడు తెల్లవారుజామున ఐదింటికి పిల్లవాడు లేచాడు. మా శ్రీమతి మెల్లగా వెళ్ళి వాణ్ణి ఎత్తుకొని వచ్చి, లోపలి గది తలుపు మూసివేసింది. మేమిద్దరమూ వాడితో సముద్రానికి వెళ్ళాము. అక్కడి తీరరేఖ ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. శీతాకాలంలో సూర్యుడు ఆగ్నేయాన ఉదయించి నైరుతిన అస్తమిస్తాడు గనుక, ఉదయాస్తమయాలు రెండింటినీ పురీ తీరాననే చూడవచ్చు.

ఒడ్డున వెదురు టోపీ పెట్టుకొన్న ఒక నోలియా కనిపించాడు. యాత్రికుల చేయి పట్టుకొని స్నానం చేయించే ఈ బెస్తవారి టోపీ శంఖాకారంలో ఉంటుంది. మాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో పలకరించబోగా, ఆయన నవ్వి, "తెలుగోలేనా బాబూ?" అన్నాడు. పురీలోని పెంటకట బెస్తవారిలో పెక్కుమంది తెలుగు మాట్లాడేవారే. పూర్వం మన కళింగాంధ్ర తీరంనుండి వలసపోయినవారు. తరాలు గడిచినా ఇళ్ళలో మన మాట నిలిచే ఉన్నది.

"అల వచ్చేటప్పుడు భయం నేదు బాబూ. ఎనక్కి ఎల్తాది చూడండి, అప్పుడే కాలికింద ఇసక లాగేస్తాది. పిల్లోణ్ణి నిలబెట్టకండి, ఎత్తుకోండి" అన్నాడాయన.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. పురీ తీరంలో కెరటాలు ఒడ్డుకు దగ్గరగా విరుగుతాయి. చేరిన నీరంతా సన్నని పాయలుగా లోపలికి వేగంగా మరలుతుంది. కెరటాలు విరగకుండా నునుపుగా కనిపించే చోటే ఆ లాగుడు ఎక్కువ. ఈత వచ్చిన పెద్దలు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకొన్నారు. 2020లో అక్కడి గోల్డెన్ బీచ్‌కు, మన ఋషికొండకు ఒకేసారి 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు ప్రకటించారు. గుర్తింపు ఉన్నది కదా అని సముద్రం తన స్వభావాన్ని మార్చుకోదు. మనుమణ్ణి ఆ పెద్దాయన ఎత్తుకొని అరికాలు మాత్రమే నురగకు తగిలించాడు. వాడు మొదట బిక్కమొగం వేసి, మరుక్షణం కేరింతలు కొట్టాడు. ఒడ్డున పొడి ఇసుకలో రెండు గంటలు ఆడుకొన్నాడు.

బసకు తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర. లోపలి గది తలుపు ఇంకా మూసే ఉన్నది. పది గంటలకు మా కోడలు కళ్ళు నులుముకొంటూ బయటికి వచ్చి, గడియారం చూసి ఉలిక్కిపడింది. తరువాత హాలులో కూర్చొని ఊరకే నవ్వింది.

అంతా సజావుగా జరిగిందనుకొంటున్న ఆ మధ్యాహ్నమే ఆపద వచ్చింది. మేము హాలులో పత్రిక చదువుతున్నాము. మా శ్రీమతి గిన్నెలు కడుగుతున్నది. పిల్లవాడు పరుగెత్తి స్నానాలగదిలోకి పోయి తలుపు నెట్టాడు. ఠక్కుమని శబ్దం. ఆ తలుపుకు పై గడియతోపాటు క్రింద కూడా ఒక గడియ ఉన్నది. పై గడియను చూసి, ఎత్తుగా ఉన్నదని తృప్తిపడ్డాము గాని, క్రింది దానిని గమనించలేదు. లోపలనుండి వాడు దానిని జరిపాడు. తిరిగి తీయడం వాడికి రాదు.

మొదట నవ్వు, తరువాత ఏడుపు వినిపించాయి. మా మనసులో మెదిలినది ఒక్కటే: బకెట్. ఉదయం స్నానాలయ్యాయి. బకెట్లో నీళ్ళున్నాయా? జానెడు నీరు చాలు, తలక్రిందులుగా వంగిన పసివానికి. ప్లగ్గులు, గీజరు, గాజు బల్ల అన్నీ చూసిన మాకు బకెట్ మాట తోచనే లేదు.

మా కోడలు తలుపు దగ్గర నేల మీద కూర్చొని, సందులోనుండి వేళ్ళు చాచి, రోజూ నిద్రపుచ్చేటప్పుడు పాడే పాట పాడసాగింది. ఆమె గొంతు ఏమాత్రం వణకలేదు. వాడు వచ్చి ఆ వేళ్ళు పట్టుకొన్నాడు. అక్కడే ఉండిపోయాడు. ఈలోగా అబ్బాయి హోటలు కుర్రవానిని పిలుచుకొని వచ్చాడు. ఆ కుర్రవాడు తోటవైపు వెళ్ళి, వెంటిలేటరు అద్దపు పలకలు ఒక్కొక్కటే ఊడదీసి, లోపలికి దిగి గడియ తీశాడు. మొత్తం పన్నెండు నిమిషాలు. మూడవ అంతస్తులో అయితే ఆ వెంటిలేటరుకు బయటనుండి దారి ఎక్కడిది?

లోపలికి వెళ్ళి చూశాము. బకెట్ బోర్లించి ఉన్నది.

"ఎవరు బోర్లించారు?" అని అడిగితే, "నేనే మామయ్యగారూ. వీడు నడక నేర్చినప్పటినుంచి నీళ్ళు వాడగానే బోర్లించేస్తాను" అన్నది మా కోడలు, పిల్లవాని వీపు నిమురుతూ. అదొక గొప్ప విషయమన్నట్లు కూడా చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ భద్రతా పరిజ్ఞానంతో మేము వ్రాసుకొన్న జాబితాలో లేని అంశం, ఆమె చేతి అలవాటులో ఉన్నది. ఇన్నాళ్ళూ ఆ పిల్లకు నిద్ర లేకపోవడానికి కారణాలలో ఇటువంటి జాగ్రత్తలు ఇంకెన్ని ఉన్నాయో అప్పుడు తోచింది. మేము రెయిలింగు గురించి ఆరుసార్లు మాట్లాడాము. ఆమె బకెట్ గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

మిగిలిన రెండు రోజులూ ప్రశాంతంగా గడిచాయి. దేవాలయానికి జంటలుగా వంతులవారీగా వెళ్ళాము. లోపలికి సెల్‌ఫోన్లు తీసుకుపోరాదు. పసివానితో ఆ రద్దీలో నిలవడమూ కష్టం. ఆనందబజారులో మహాప్రసాదం తెచ్చుకొన్నాము. ఉల్లి, వెల్లుల్లి లేకుండా, మట్టికుండలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టెల పొయ్యి మీద వండుతారు. ఆ అన్నం, పప్పు మనుమడు ఇష్టంగా తిన్నాడు. సముద్రం వెంబడి దారిలో 35 కిలోమీటర్లు వెళ్ళి కోణార్క చూశాము. తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుడు 13వ శతాబ్దిలో నిర్మించిన ఆ సూర్యదేవాలయం 1984లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. రాతిచక్రాల ముందు మనుమడు కునుకు తీశాడు.

చివరి రోజు తెల్లవారుజామున పిల్లవానిని మా వద్ద ఉంచుకొని, కోడలిని, అబ్బాయిని మేమే సముద్రానికి పంపించాము. కిటికీలోనుండి చూపించలేకపోయిన దానికి మాకు తోచిన పరిహారం అది. ఎండ ఎక్కిన తరువాత చీర అంచు తడుపుకొని, చేతిలో నాలుగు గవ్వలతో ఆమె తిరిగి వచ్చింది. "గదిలోంచి చూస్తే ఇంత దగ్గరగా ఉండేది కాదు లెండి, మామయ్యగారూ" అన్నది. మా మనసు తేలిక చేయడానికే అన్నదేమో తెలియదు. ఈసారి మాత్రం ఆ మాట గుచ్చుకోలేదు.

పసిపిల్లలతో సముద్రతీరానికి వెళ్ళదలచిన మిత్రులకు మా మనవి ఇది. నడుమ తలుపు ఉన్న రెండు గదుల సూట్ దొరికితే తీసుకొనండి. సముద్రం కనిపించే పై అంతస్తు కన్న, కనిపించకపోయినా నేల అంతస్తు మేలు. కమ్మీని ఊపి చూడండి, సందును కొలవండి, క్రింది గడియలకు ముందే దారం కట్టండి, నీళ్ళు వాడగానే బకెట్ బోర్లించండి. ఇవన్నీ చూసుకొన్న తరువాత, పిల్లవాని తల్లిని ఒక్క ఉదయమైనా పది గంటల వరకు నిద్రపోనివ్వండి. రెండవ గదికి చెల్లించిన అద్దెకు అంతకు మించిన ప్రతిఫలం మాకు కనబడలేదు.